మాచునూరు గొంతులు

జుక్కల్ మూడు రాష్ట్రాలు కలిసే మూల. ఉత్తరాన మహారాష్ట్రలోని దెగ్లూరు, పడమటి దిక్కు కర్ణాటకలోని ఔరాద్. మద్నూర్ వైపు మరాఠీ చాలామందికి ఇంటి భాష. సంతలో బేరం తెలుగులో మొదలై, మరాఠీలో నడిచి, ఉర్దూలో తెగుతుంది. ఇట్లాంటి చోట రేడియో ముల్లు తిప్పేవాడి చెవి సహజంగానే పదునెక్కుతుంది. నిజామాబాద్ ఆకాశవాణి 103.2 మీద తెలుగు మాట్లాడుతుంది. ముల్లు కొంచెం జరిగితే భాష మారొచ్చు, బాణీ మారొచ్చు. అయితే ఈ మూల మాట, ఈ మూల పాట ఏ స్టేషన్‌లోనూ పూర్తిగా దొరకవు. దొరికితే ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలంటే దక్షిణాన జహీరాబాద్ పక్కన ఉన్న మాచునూరు దాకా పోవాలి. గాలి దూరం 70 కిలోమీటర్లు ఉండొచ్చు. జుక్కల్ వాళ్లు ఎంపీకి ఓటు వేసేది కూడా జహీరాబాద్ లోక్‌సభ స్థానంలోనే. కానీ మాచునూరు రేడియో ఇక్కడికి వినబడదు. దాని బలమంతా పాతిక కిలోమీటర్ల లోపే.

సంగం రేడియో, 90.4 మెగాహెర్ట్జ్. 2008 అక్టోబర్ 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినం నాడు మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంగాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, నడిపే స్టేషన్ ఇది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరి పేర్లు దీంతో ముడిపడి ఉన్నాయి. ఇట్లాంటి స్టేషన్‌కు పునాది కోర్టులో పడింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. ఆ తీర్పు రాసినవాళ్లలో జస్టిస్ పి.బి. సావంత్‌తో పాటు మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. చెప్పిన మాట ఊళ్లకు చేరడానికి మరో పదకొండేళ్లు పట్టింది. 2006 దాకా కమ్యూనిటీ రేడియో లైసెన్సులు చదువుల సంస్థలకే. ఆ ఏడు నవంబర్‌లో విధానం మారాకే స్వచ్ఛంద సంస్థలకు దారి దొరికింది.

లైసెన్సు కోసం కూర్చోకుండా మాచునూరు ఆడవాళ్లు చేసిన పనిలోనే వాళ్ల పనితనం పుట్టిందని నా నమ్మకం. 1990ల చివర్లోనే స్టూడియో ఉంది, టేపు ఉంది, గాలిలోకి వదిలే హక్కు మాత్రం లేదు. దాదాపు పదేళ్లు రికార్డు చేసినవాటిని క్యాసెట్లలో ఊరూరా సంగం సమావేశాలకు తీసుకుపోయి వినిపించారు. సౌండ్ పని నేర్చుకునేవాడికి దీన్ని మించిన బడి ఉండదు. పాడిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా ఆమె పాట వేయాలి. మైకు దూరమై మాట మునిగిపోయిందా, చరణం మధ్యలో కోత పడ్డదా, అక్కడికక్కడే తెలిసిపోతుంది. పెద్ద స్టేషన్‌లో ఇంజనీరుకు శ్రోత ముఖం ఎన్నడూ కనబడదు.

ఇక పాటల సంగతి. ఇసుర్రాయి పాటను తీసుకోండి. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుంటారు, ఇద్దరి చేతులూ ఒకే కొయ్య మీద. తాళం వేరే అక్కర్లేదు, రాయి తిరుగుడే తాళం. పిడికెడు జొన్నలు రాయి నోట్లో పోసేటప్పుడు చేతి పట్టు ఒక క్షణం సడలుతుంది, పాట కూడా అక్కడే ఊపిరి తీసుకుంటుంది. గింజ పడ్డ కొత్తలో గరగర, పిండి అవుతున్నకొద్దీ అది మెత్తబడి కిందికి దిగుతుంది. ఈ పాటను స్టూడియోలో రాయి లేకుండా పాడిస్తే బాణీ దక్కుతుంది కానీ ఆ విరుపులు ఎందుకున్నాయో అర్థం కావు. రాయితో పాటు రికార్డు చేస్తే ఇంకో చిక్కు. రాయి చప్పుడు గొంతుల్ని మింగేస్తుంది. మైకును ఛాతీ ఎత్తులో, రాయికి కొంచెం పక్కగా, ఇద్దరి నోళ్లకూ సమాన దూరంలో పెట్టాలి. వినడానికి చిన్న విషయం. పాట బతికేది దాని మీదే.

బతుకమ్మ పాటకు కష్టం వేరు. ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడతారు. ఒకరు ముందు పాడతారు, మిగతావాళ్లు అందుకుంటారు. వలయం బయట ఒకచోట మైకు నిలబెడితే ముందు పాడే ఆమె గొంతు దగ్గరికొస్తుంది, దూరం పోతుంది, మళ్లీ వస్తుంది. స్టూడియో లెక్కల ప్రకారం అది లోపం. నాకు మాత్రం అదే ఆ పాట రూపం. ఆ గొంతు పోయి రావడంలో వలయం ఎంత పెద్దదో, ఎంతమంది ఉన్నారో, నడక ఎంత వేగమో చెవికి తెలుస్తుంది. మైకు వలయం మధ్యలో, బతుకమ్మల పక్కన పెడితే అందరూ సమానంగా వినబడతారు, తిరుగుడు మాత్రం పోతుంది. ఏది కావాలో ముందే తేల్చుకోవడం రికార్డు చేసేవాళ్ల తీర్పు.

నాటు పాట, కలుపు పాట వంగిన నడుముతో పాడేవి. అందుకే వాటి చరణాలు పొట్టి. వంగిన మనిషి ఊపిరి ఎంతదూరం పోతుందో చరణం అంతే పొడుగుంటుంది. పెళ్లి పాట, తొట్టెల పాట కూర్చుని పాడేవి, అవి సాగుతాయి. చిన్న రేడియోలో సంగీత వైవిధ్యం అంటే నా లెక్క ఇదే. వెయ్యి ఆల్బమ్‌ల బీరువాతో పని లేదు. ఒకే ఊరి మనుషులు ఏడాది పొడుగునా ఎన్ని రకాల పనుల్లో, ఎన్ని భంగిమల్లో ఊపిరి తీస్తారో అన్ని రకాల పాటలు ఉంటాయి.

సంగం రేడియో సినిమా పాటలు వేయదు. ఇది చాదస్తమని అనేవాళ్లుంటారు. అప్పట్లో కేంద్ర మంత్రి బి.వి. కేస్కర్ కూడా ఆకాశవాణిలో సినిమా పాటను తొక్కిపెట్టాడు. జనం ముల్లును రేడియో సిలోన్ వైపు తిప్పుకున్నారు, ప్రభుత్వం దిగివచ్చి 1957లో వివిధభారతి పెట్టాల్సి వచ్చింది. తేడా ఎక్కడుందంటే, కేస్కర్ నిషేధం ఢిల్లీ నుంచి వచ్చింది, జనానికి సినిమా పాట బదులు శాస్త్రీయ సంగీతం ఇచ్చింది. మాచునూరులో వద్దనుకున్నవాళ్లూ పాడేవాళ్లూ వాళ్లే. సినిమా పాట ఎట్లాగూ ప్రతి సెల్‌ఫోన్‌లో ఉంది, దానికి వంద వాట్ల టవరు దేనికి?

ఇంకో తేడా కూడా నాకు నచ్చుతుంది. ఆకాశవాణిలో పాడాలంటే ఆడిషన్ ఉంటుంది, బి, బి-హై, ఎ, టాప్ అని గ్రేడులుంటాయి. ఆ పద్ధతి గొప్ప కళాకారుల్ని నిలబెట్టింది, కాదనలేం. కానీ బోర్డు ముందు పాడే జానపదం ఎంత లేదన్నా కొంచెం ఇస్త్రీ చేసుకుని వస్తుంది. శ్రుతిపెట్టె పక్కన చేరుతుంది, యాస కొంత సర్దుకుంటుంది. మాచునూరులో ముసలి గొంతు వణుకు వణుకుగానే ఉంటుంది. ప్రకటనల ఎఫ్ఎంలలో చిన్న చప్పుడును పెంచి పెద్దదాన్ని అణిచే యంత్రం అన్ని గొంతుల్నీ ఒకే ఎత్తున నిలబెడుతుంది. అక్కడ గుసగుస కూడా అరుపంత బిగ్గరగా వస్తుంది. ఆ నునుపు లేనందుకే ఇక్కడ మనిషి ఎంత దూరంలో కూర్చుని మాట్లాడుతుందో తెలుస్తుంది.

అన్నీ మెచ్చుకోలేను. చిన్న స్టేషన్లలో ఒకే పాట పదేపదే రావడం మామూలే. సాయంత్రం రెండు గంటల ప్రసారం నింపడం కూడా మాటలు కాదు, పగలంతా చేను పని చేసినవాళ్లకు మరీను. చిరుధాన్యాల మీద, విత్తనాల మీద చర్చలు ఒక్కోసారి సమావేశం మినిట్స్ చదివినట్టు సాగుతాయి. పాత క్యాసెట్ల అయస్కాంతపు పూత రాలిపోయేదే. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం ఆలస్యమైన ప్రతి ఏడూ కొన్ని గొంతులు పోతాయి.

మరి జుక్కల్‌కు ఇట్లాంటిది ఎందుకు ఉండకూడదు? నిబంధనలు మరీ గడ్డుగా లేవు. లాభాపేక్ష లేని సంస్థ, కనీసం మూడేళ్ల నడక, వంద వాట్ల ప్రసార బలం, 30 మీటర్లు మించని టవరు. కార్యక్రమాల్లో సగమైనా స్థానికంగా తయారవ్వాలి, స్థానిక భాషలో ఉండాలి. జుక్కల్ వంటి చోట ఆ షరతే అందమైన చిక్కు తెస్తుంది, ఎందుకంటే ఇక్కడ స్థానిక భాష ఒకటి కాదు. మద్నూర్ దిక్కు విఠలుడి అభంగం, బిచ్కుంద దిక్కు తెలుగు భజన, కౌలాస్ కోట దిక్కు తండాల్లో బంజారా పాట. మూడూ ఒకే సాయంత్రం పక్కపక్కన వేస్తే తాళం చిడతలు, డప్పు, చప్పట్ల మధ్య ఎట్లా దూకుతుందో వినొచ్చు. పైగా ఇక్కడ టవరు నిలబెడితే కొన్ని తరంగాలు రాష్ట్రపు హద్దు దాటిపోతాయి. దెగ్లూరు వాళ్లు కూడా వినొచ్చు. మొదట రికార్డు చేయాల్సింది ఏదంటే, నా మటుకు నేను భజన జోలికి పోను, అది ఎట్లాగూ బతుకుతుంది. ఇసుర్రాయి తిప్పిన చేతులు ఇంకా కొన్ని ఉన్నాయి. మైకు ముందు అక్కడికే పోవాలి.