పైరంగు, అడుగుపొర: కడప మెట్టప్రాంతపు ఇసుక గరప నేలల వర్ణనపై ఒక విమర్శ

ఉపోద్ఘాతం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నేలలను ‘నల్లరేగడి’, ‘ఎర్రనేల’ అనే రెండు మాటలతో పరిచయం చేయడం మన పాఠ్యరచనలో పరిపాటి. ఈ ప్రాంతాలలో నల్లరేగడి విస్తారంగా ఉన్న మాట నిజమే. అందువల్లనే కొండవాలుల కింద, పెన్న ఒడ్డున, వంకల వెంట మడులు మడులుగా కనిపించే ఇసుక గరప నేలలు వర్ణనలో మరుగున పడుతున్నాయి. వాటిని పేర్కొన్నప్పుడు కూడా పైమట్టి లక్షణాలను చెప్పి ఊరుకోవడం జరుగుతున్నది. నేల గుణాన్ని నిర్ణయించేది పొరల వరుస కాబట్టి, లోతు లేని వర్ణన అసంపూర్ణమని, దాని నష్టం రైతు మీద పడుతుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. రంగును బట్టి విభజన

1898లో జె.డబ్ల్యు. లెదర్ భారతదేశపు నేలలను ఒండ్రు, నల్ల, ఎర్ర, లేటరైట్ అనే నాలుగు ప్రధాన వర్గాలుగా విభజించాడు. దేశమంతటినీ ఒక చూపులో చూడడానికి ఆ విభజన ఉపకరించింది. అయితే అంతకు పదిహేనేళ్ల ముందే, 1883లో, వాసిలీ దొకుచాయెవ్ రష్యా నల్లనేలలపై వెలువరించిన గ్రంథం నేలను పైనుంచి కిందికి పొరలుగా చదవవలసిన స్వతంత్ర ప్రకృతి వస్తువుగా నిలబెట్టింది. మన పాఠ్యరచన మొదటి మార్గాన్ని స్వీకరించినంతగా రెండవదాన్ని స్వీకరించలేదు. ఎరుపు ఇనుప ఆక్సైడుల వల్ల కలిగే రంగు. అది మట్టిలోని ఇసుకపాలును గాని, నేల లోతును గాని తెలుపదు.

2. ఇసుక గరప: ఒకే పేరు, వేరు వేరు నేలలు

ఇసుక గరపలో ఇసుకదే పైచేయి. బంకమన్ను 20 శాతానికి మించదు. నీరు త్వరగా ఇంకుతుంది, నాగలికి మట్టి తేలికగా లొంగుతుంది. వాన వెలిసి ఎండ కాయగానే పైన పెచ్చు కట్టి మొలకను అడ్డగిస్తుంది. ఇవి పైపొర లక్షణాలు.

దాని కింద మూడు స్థితులు ఉండవచ్చు. మొదటిది, పైనుంచి దిగిన బంకమన్ను చేరి గట్టిపడిన పొర. శాస్త్రం దీనిని ‘బి’ పొరలో భాగంగా గుర్తిస్తుంది. రెండవది, సున్నపు గడ్డలతో కూడిన సుద్దపొర. మూడవది, మూరెడు లోతులోనే తగిలే గుల్లరాయి. మూడింటి మీదా పైమట్టి ఒకటే కావచ్చు, పంట మాత్రం ఒకటి కాదు.

ఇసుక గరప ఒక మీటరు లోతున మొక్కకు అందే నీటిని సుమారు 100 మిల్లీమీటర్లు నిలుపుతుందని అనుకుందాం. రాయి 45 సెంటీమీటర్లలోనే తగిలితే ఆ నిల్వ 45 మిల్లీమీటర్లు. పైరు రోజుకు 5 మిల్లీమీటర్లు వాడుకుంటే తొమ్మిది రోజులకు అది అయిపోతుంది. పూర్తి మీటరు లోతున్న చేనిలో అదే పైరు ఇరవై రోజులు నిలుస్తుంది. వానకూ వానకూ మధ్య ఎడం పెరిగే కడప మెట్టలో వేరుశనగ దక్కడమో ఎండడమో ఈ తేడాలోనే ఉంది.

3. శిలల సాక్ష్యం

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పరిసరాలలో నాపరాయి విస్తారం. కడప బండలుగా ప్రసిద్ధమైనవి అవే. పులివెందుల వైపు సున్నపు గుణం గల వేంపల్లె డోలమైట్ ఉంది. దాని మీది ఇసుకరాతి శ్రేణికి భూగర్భశాస్త్రం పులివెందుల క్వార్ట్‌జైట్ అనే పేరే పెట్టింది. క్వార్ట్‌జైట్ అరిగితే ఇసుక. డోలమైట్ శిథిలమైతే సున్నం, బంకమన్ను. కొండ నుంచి దిగిన ఇసుక సున్నపు శిల మీద పరుచుకున్నచోట పైన తేలిక గరప, అడుగున సుద్ద ఏర్పడే వీలుంది. అలాంటి చోట చీనీ మొక్క తొలి ఏళ్లలో ఏపుగా పెరిగి, వేరు సుద్దను తాకిన తరువాత ఇనుము, జింకు అందక ఆకులు పసుపెక్కుతాయి. పైమట్టిని మాత్రమే చూసి తోట పెట్టిన రైతుకు ఆ సంగతి పెట్టుబడి అంతా పెట్టాకగాని తెలియదు.

4. పరీక్షాపత్రంలోని లోటు

2015లో మొదలైన భూసార ఆరోగ్యపత్రం 12 అంశాలను నమోదు చేస్తుంది: ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం, తొమ్మిది పోషకాలు. ఎరువుల మోతాదు నిర్ణయించడానికి ఇది మేలైన సాధనం. కాని ఈ పన్నెండింటిలో ఇసుక, బంకమన్నుల పాలు లేదు, నేల లోతు లేదు, అడుగుపొర ప్రసక్తి లేదు. పైరు పొలంలో నమూనా తీసేది పై 15 సెంటీమీటర్ల నుంచే. పండ్లతోటకు గుంత తీసి పొరలవారీగా మట్టి తీయాలని శాస్త్రమే చెబుతున్నా, ఆ ఫలితాన్ని చెప్పే గడి పత్రంలో కనిపించదు.

5. రైతు భాషలో లోతు

రైతు వాడుకలో ‘పదును’ అనే మాట ఉంది. వాన ఎంత కురిసిందన్న దానికన్నా తడి ఎంత లోతు దిగిందన్నదే ఆ మాటకు ప్రధానం. వానమాపకం ఆకాశాన్ని కొలిస్తే పదును నేలను కొలుస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తి పదకోశం ఇటువంటి పదసంపదను ప్రాంతాలవారీగా భద్రపరచిన మహత్కార్యం. పదాన్ని పొరతో జతచేయడం పదకోశం బాధ్యత కాదు. అది నేలను వర్ణించేవారి బాధ్యత. ఆ పని ఇంకా మిగిలే ఉంది.

ముగింపు

ఇసుక గరప నేల వర్ణనలో కనీసం నాలుగు అంశాలుండాలి: పైపొర మందం, దాని కింది పొర స్వభావం, సున్నం కనిపించే లోతు, రాయి తగిలే లోతు. వీటిని నమోదు చేయడానికి ఒక గుంత, ఒక కొలబద్ద, సున్నాన్ని పొంగించి పట్టిచ్చే కొద్దిపాటి ఆమ్లం చాలు. బోరుకు, మొక్కకు పెట్టుబడి పెట్టకముందే ఆ గుంత తవ్వితే రైతు నష్టపోడు. మన పాఠ్యరచన రంగు దగ్గర ఆగిపోకుండా ఆ గుంతలోకి దిగి చూడాలి.