ఆపడం, ఆగడం

మా థెరపీ గదిలో సీలింగు కొక్కేనికి ఒక గుడ్డ ఉయ్యాల వేలాడుతుంటుంది. నాలుగేళ్ళ బుడ్డోడు అందులో కూర్చుంటాడు. వెనక్కి లాగి పట్టుకుని ‘ఒకటీ... రెండూ... మూడు!’ అని వదులుతాను. వాడికి ఆ ఉయ్యాలంటే ప్రాణం. అలా పదిసార్లు ఊపాక, పదకొండోసారి ‘ఒకటీ... రెండూ...’ అని ఆగిపోతాను. ఇక నోరు మెదపను.

మూడు సెకన్లు ఏమీ జరగదు. వాడు గోడ వంకే చూస్తుంటాడు. అయిదో సెకనుకి వీపు బిగుస్తుంది. ఏడో సెకనుకి కాలి బొటనవేళ్ళు ముడుచుకుంటాయి. సరిగ్గా అప్పుడే, మూల కుర్చీలో ఉన్న వాళ్ళమ్మ ఉండబట్టలేక ‘చెప్పు నాన్నా, మూడు అను!’ అనేస్తుంది. అంతే, వీపు వదులైపోతుంది. పైకి రాబోయిందేదో వెనక్కి వెళ్ళిపోతుంది. ఆ తల్లిని ఏమీ అనలేను. పిలిస్తే పలకని బిడ్డని రెండేళ్ళుగా పిలుస్తున్న మనిషికి ఏడు సెకన్ల నిశ్శబ్దం అంటే మాటలా?

ఆటిజం ఉన్న పిల్లలకు థెరపీ చేసే ఈ పనిలోకి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. మొదట్లో నాకు ఆగడం తెలీదు, ఆపడమే తెలుసు. చేతులు ఆడిస్తుంటే ఆపడం, గుండ్రంగా తిరుగుతుంటే ఆపడం, హార్లిక్స్ సీసా మూత బొంగరంలా తిప్పుకుంటుంటే లాక్కోవడం. చిన్న బల్ల, అటూ ఇటూ రెండు బుల్లి కుర్చీలు. ‘సిట్ డౌన్’, ‘హ్యాండ్స్ డౌన్’, ‘లుక్ ఎట్ మీ’. చూస్తే ఒక జెమ్స్ బిళ్ళ. చూడకపోతే గడ్డం పట్టుకుని మొహం నా వైపు తిప్పుకునేదాన్ని. ఒక పాప నెల తిరక్కుండానే పదింట తొమ్మిదిసార్లు చూడటం మొదలుపెట్టింది. షీటు నిండా టిక్కులు. ఒకరోజు హడావుడిలో బొట్టు పెట్టుకోకుండా వెళ్ళాను. ఆ పిల్ల నా నుదుటి మీద వెతుక్కుని, వెతుక్కుని, కంగారుపడి ఏడ్చేసింది. ఇన్నాళ్ళూ అది చూసింది నా కళ్ళని కాదు, బొట్టుని. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం తమకు ఎంత బాధో పెద్దయిన ఆటిస్టిక్ వ్యక్తులు రాసింది నేను అప్పటికి చదవలేదు.

ఈ బల్లా కుర్చీల పద్ధతికి మూలపురుషుడు ఓలె ఈవార్ లోవాస్. నార్వేలో పుట్టి, అమెరికా వెళ్ళి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. ఆయన 1987లో ప్రచురించిన పరిశోధనలో 19 మంది చిన్నపిల్లలకు వారానికి 40 గంటల చొప్పున రెండేళ్ళకు పైగా శిక్షణ ఇచ్చారు. వాళ్ళలో 9 మంది మామూలు బడిలో ఒకటో తరగతి గట్టెక్కారు, ఐక్యూ కూడా మామూలు స్థాయికొచ్చింది. ఈ పిల్లలకింక ఏమీ రాదని వదిలేసిన కాలంలో అదెంత పెద్ద కబురో! తల్లి ప్రేమగా లేకపోవడం వల్లే ఆటిజం వస్తుందని డాక్టర్లే నిందించిన రోజులు అప్పటికి పూర్తిగా మరుపున పడలేదు. అయితే ఏ పిల్లాడు ఈ శిక్షణ గుంపులోకి, ఏ పిల్లాడు పోలిక కోసం పెట్టుకున్న గుంపులోకి వెళ్ళాలన్నది లాటరీ వేసి తేల్చలేదు, శాస్త్రం దృష్టిలో అదొక లోటు. రెండోది ఇంకా చేదు సంగతి. గట్టిగా ‘నో’ అని అరవడం, తొడ మీద చరచడం కూడా ఆ శిక్షణలో భాగమే. కాలక్రమంలో దెబ్బలు పోయాయి. నలభై గంటలు మాత్రం నిలబడ్డాయి. గంటకైతే రేటు కట్టొచ్చు కదా.

ఒక సెంటరు వాళ్ళు మూడేళ్ళ పిల్లాడి తండ్రికి రాసిచ్చిన ప్యాకేజీ కాగితం చూశాను. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా, మధ్యాహ్నం నిద్ర కూడా లేదు. మూడేళ్ళవాడు! ఎన్ని గంటలో ఉంది, ఎవరు చేస్తారో లేదు. (స్పెషల్ ఎడ్యుకేటర్ అయినా, క్లినికల్ సైకాలజిస్టు అయినా ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.)

అలాగని ఈ బల్లా కుర్చీల పద్ధతి పుట్టిన బిహేవియర్ థెరపీని గంగలో కలపమనను. నా సంచిలో ఇప్పటికీ మూడు గళ్ళ నోట్‌బుక్ ఉంటుంది. ముందు ఏం జరిగింది, పిల్లాడేం చేశాడు, ఆ తర్వాత వాడికేం దొరికింది. ఒక ఇంట్లో పిల్లాడు రోజూ పదకొండున్నర ప్రాంతంలో చెవులు మూసుకుని తల గోడకేసి కొట్టుకునేవాడు. మొండి అన్నారు, దిష్టి అన్నారు. వారం రోజులు రాస్తే మొదటి గడిలో రోజూ ఒకటే తేలింది, కింది వాటా వాళ్ళ కుక్కరు. మనకు విజిలు వేస్తేనే వినిపిస్తుంది, వాడికి ఆవిరి బుసకొట్టడం మొదలైనప్పుడే. ఆ వేళకు వాణ్ణి ముందు గదిలోకి మార్చాం. హెడ్‌ఫోన్ బొమ్మున్న కార్డొకటి చేసి, కావాల్సినప్పుడు అది అమ్మ చేతిలో పెట్టడం నేర్పాం. కొన్నాళ్ళకు ఆ మూడు గళ్ళూ ఖాళీగా ఉండటం మొదలైంది. వాణ్ణి ఎవరూ ఆపింది లేదు.

ఇంకో బెడద భాష. సెంటర్లలో ఆజ్ఞలన్నీ ఇంగ్లీషులోనే. పిల్లాడు తికమకపడతాడు, ఇంట్లో తెలుగు మానెయ్యండని సలహా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. రెండు భాషలు విన్నందువల్ల ఆటిజం ఉన్న పిల్లలకు నష్టమని పరిశోధనల్లో తేలలేదు. అయినా నాన్నమ్మకు రాని భాషలో నీళ్ళడిగితే ఇచ్చేదెవరు? తెలుగులో మాకో చిన్న చిక్కుంది. ‘నీళ్ళు కావాలా?’ అని మనం అన్నప్పుడల్లా నీళ్ళొస్తాయి. అందుకని దాహమేసినప్పుడు పిల్లాడూ ‘నీళ్ళు కావాలా?’ అంటూ వస్తాడు. విన్నవాళ్ళు నవ్వి ‘నాకొద్దు నాన్నా’ అంటారు. ‘కావాలా కాదు, కావాలి’ అని నేను దిద్దేదాన్ని. వాడు ‘కావాలా కాదు కావాలి’ అని మొత్తం అప్పజెప్పేవాడు. ఇప్పుడు దిద్దను. గ్లాసు వైపు చెయ్యి చాచగానే పక్కన చేరి, వాడి బదులు నేనే ‘నీళ్ళు కావాలి’ అని గ్లాసిచ్చేస్తాను. ప్రశ్నలు తగ్గించమని ఇంట్లోవాళ్ళకు చెబుతాను. ఆ చివరి ‘లా’ ‘లి’ కావడానికి ఒక్కోసారి ఆర్నెల్లు పడుతుంది.

థెరపీ బల్ల దిగి నేల మీద ఆటలోకి వచ్చి చాలాకాలమైంది. శాలీ రోజర్స్, జెరాల్డిన్ డాసన్‌ల డెన్వర్ పద్ధతి అందులో పేరున్నది. నాకు మాత్రం మన దగ్గర జరిగిన ప్రయోగమే ఎక్కువ నచ్చింది. గోవాలోనూ, సరిహద్దు అవతల రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో చేశారు, ఫలితాలు 2016లో ‘లాన్సెట్ సైకియాట్రీ’లో వచ్చాయి. ఇళ్ళకు వెళ్ళింది స్పెషలిస్టులు కాదు, దీనికోసం శిక్షణ తీసుకున్న మామూలు కార్యకర్తలు. ఆరు నెలల్లో పన్నెండు విడతలు, పాఠమంతా తల్లిదండ్రులకే. పిల్లాడితో ఆడుకుంటుంటే వీడియో తీసి, దాన్ని వాళ్ళకే చూపించి మాట్లాడారు. పిల్లల ఆటకు తగ్గట్టు పెద్దలు మసలుకోవడం పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడమూ పెరిగింది. ఇద్దరి దృష్టీ ఒకేదాని మీద నిలిచే సమయం మాత్రం తగ్గింది. ఆ సంగతీ దాచకుండా రాశారు.

నేనూ ఉయ్యాల తల్లికి నా ఫోన్లో రెండు నిమిషాల వీడియో చూపించాను. ‘ఇన్ని మాటలు మాట్లాడుతున్నానా మేడమ్ నేను?’ అంది. మళ్ళీ మొదట్నుంచి పెట్టమంది.

పోయినవారం ఆమెకు సెలవు దొరక్క బాబుని నాన్నమ్మ తీసుకొచ్చింది. ‘వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళ దాకా మాట రాలేదమ్మా’ అని మొదలుపెట్టి, అరగంట చూసి, ‘నువ్వు ఊరికే చూస్తూ కూచుంటున్నావు, దీనికి ఫీజెందుకూ?’ అంది. న్యాయమైన ప్రశ్నే. ఉయ్యాల ఆవిడ చేతికిచ్చాను. ‘ఒకటీ... రెండూ...’ అని ఆగింది. పాలు పొంగేదాకా పొయ్యి ముందు నిలబడి అలవాటున్న మనిషి కాబోలు, కదల్లేదు, మెదల్లేదు. తొమ్మిదో సెకనుకి వాడు వెనక్కి తిరిగి ఆవిడ చేతిని ముందుకు తోశాడు.

‘మాట రాలేదుగా?’ అంది నా వంక చూసి.

‘ముందు ఉయ్యాల వదలండి నాన్నమ్మగారూ!’