పదింటిలో మూడు చాలు

మన ఫైళ్లను పరాయి కంప్యూటర్లలో దాచాలంటే రెండు భయాలు: వాళ్లు చూస్తారేమో, పోగొడతారేమో. తాహో-లాఫ్స్ ఈ రెండింటికీ ఒకేసారి జవాబు చెప్పింది. ఆల్‌మైడేటా అనే బ్యాకప్ కంపెనీలో పుట్టిన ఈ ప్రోగ్రామును జూకో విల్‌కాక్స్, బ్రయన్ వార్నర్ 2008లో ఒక పరిశోధన పత్రంలో వివరించారు. సోర్స్ కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు.

ఫైలు మన కంప్యూటర్ గడప దాటకముందే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. ముక్కలు చేయడం ఆ తర్వాతే. మామూలు అమరికలో పది ముక్కలు తయారై వేర్వేరు సర్వర్లకు వెళ్తాయి. వాటిలో ఏ మూడు దొరికినా ఫైలు మొత్తం తిరిగొస్తుంది, అంటే ఏడు పోయినా దిగుల్లేదు. ఉత్త నకళ్లతో ఇంత ధీమా కావాలంటే ఎనిమిది నకళ్లు దాచాలి. ఇక్కడ పట్టే చోటు అసలు ఫైలుకు మూడింతల పైచిలుకే!

ఈ లెక్కకు మూలం 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ చూపిన పద్ధతి. తాహోలో ఆ పని చేసేది జెడ్‌ఫెక్ లైబ్రరీ. మొదటి మూడు ముక్కలు ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలులోని భాగాలే, లెక్కకట్టి పుట్టించేది మిగతా ఏడింటినే. అనవసరపు శ్రమ ఒక్కటీ లేదు.

నన్ను కట్టిపడేసింది మాత్రం అప్‌లోడ్ అయ్యాక చేతికొచ్చే ఒక్క లైను. యూఆర్‌ఐ, సీహెచ్‌కే అని మొదలై, తాళంచెవి, సరిచూసుకునే హ్యాష్, ఆపైన 3:10, చివర ఫైలు సైజు. ముక్కల్ని వెతకడానికీ, విప్పడానికీ, వచ్చింది మన ఫైలేనని తేల్చుకోవడానికీ అదే ఆధారం. యూజర్‌నేమ్ లేదు, పర్మిషన్ల జాబితా లేదు. ఆ లైను నుంచి తనిఖీకి మాత్రమే పనికొచ్చే ఇంకో లైను రాబట్టవచ్చు. దాన్ని ఓ మిత్రుడికిస్తే ఏ ముక్కలు పోయాయో చూసి మళ్లీ తయారుచేయగలడు, ఫైలులో ఏముందో మాత్రం అతనికి తెలియదు. రిపేరంతా ఎన్‌క్రిప్ట్ అయిన రూపం మీదే జరుగుతుంది మరి. ఇంత పొందికైన ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో అరుదుగా కనిపిస్తుంది.

అసలు లైను పోతే ఫైలూ పోయినట్టే, అడగడానికి ఎవరూ ఉండరు. కొందరు దీన్ని లోపమంటారు. మనకు తిరిగి తెరిచివ్వగల మనిషి ఉంటే మనం లేనప్పుడూ తెరవగలడు కదా, అందుకే నేను ఒప్పుకోను. పైగా ఫైలుకొక లైను దాచుకోనక్కర్లేదు. డైరెక్టరీలో ప్రతి పేరు పక్కనా దాని లైను ఉంటుంది. అన్నిటికన్నా పై డైరెక్టరీ లైను ఒక్కదాన్ని కాగితం మీద ప్రింటు తీసి బీరువాలో పెట్టుకుంటే చాలు.