గీత పొడవు

దీపములార్పిన గదిలో మానిటరు నెదుట గూర్చుండి, పేరును ఊరును చెరిపివేసి పంపిన యొకానొక రోగి సి.టి. చిత్రములను పొరపొరగా జరుపుచు, కణితి ఏ పొరయందు మిక్కిలి పొడవుగా నగుపించునో యచ్చట నిలిచి, ఈ యంచు మొదలుకొని ఆ యంచు దాక మౌసుతో నొక గీత గీయుటయే క్లినికల్ ట్రయళ్లలో నాకు బెట్టిన పని. ఇంతమాత్రమునకు అన్నేండ్ల వైద్యవిద్య యేల, దర్జీవాని టేపు చాలదా యని మా యింట పరిహాసము.

కాని కణితికి అంచు ఎచ్చట? ఊపిరితిత్తిలోని కణితిని లంగ్ విండోలో, అనగా ఆ యవయవమునకు తగిన వెలుగునీడల యమరికలో, జూచినచో చుట్టును ముళ్లవలె సన్నని పోగులు సాగియుండును. విండో మార్చినంతనే ఆ మచ్చయే చిక్కిపోయినట్లు దోచును. నేను 34 మిల్లీమీటర్లని వ్రాసినదానినే రెండు వారముల పిమ్మట, పాత అంకె చూడక కొలువగా, 31 వచ్చినది. చిత్రమదియే, కన్ను నాదే.

ఈ చాంచల్యము క్రొత్తది కాదు. 1976లో మోర్టెల్, హాన్లీ యనువారు కణితులకు మారుగా 12 ఉండలను పరుపుపై నుంచి, పైన ఫోము రబ్బరు కప్పి, ఆరితేరిన 16 మంది క్యాన్సరు వైద్యులచేత తడిమించి కొలిపింపగా, పరిమాణమున సమానములైన ఉండలకును వేర్వేరు కొలతలు పడినవి. అందుచేతనే మందునకు కణితులు లొంగినవో లేదో తేల్చు నేటి రెసిస్ట్ నియమములలో, ఎంచుకొన్న కణితుల కొలతల మొత్తము 30 శాతము తగ్గిననేగాని మందు పాక్షికముగా పనిచేసినదనరు. కనిష్ఠ మొత్తము మీద 20 శాతము పెరిగిననేగాని ఆ కణితులు ముదిరినవనరు. ఆ పెరుగుదల కనీసము 5 మిల్లీమీటర్లైనను ఉండవలెనని 2009లో చేర్చినవారు మానవుని చేతివణుకు నెరిగినవారు. వారియెడ నాకు మిక్కిలి గౌరవము.

లింఫ్ గ్రంథిని మాత్రము పొట్టివైపే కొలువవలెను. తొలినాళ్లలో నేనది మరచి నిలువు కొలిచితిని. నాతో సంబంధము లేక అదే చిత్రమును జూచిన రెండవ రీడరు కొలతతో నాది భేదింపగా, తగవు మూడవవారి కడకు బోయెను. ఆనాటి సిగ్గు నేటికిని గ్రంథి కనబడినప్పుడెల్ల జ్ఞప్తికి వచ్చును.

రోగి క్రొత్త మందు పుచ్చుకొనెనో, పాతదో నాకు దెలియనీయరు. తెలిసినచో గీత తనంతట పొట్టిదగును గాబోలు! మొన్న ఒకరి మూడవ స్కాను తెరవగా, కాలేయమున మునుపు 22 ఉన్న మచ్చ తావున నీడ యైనను ఉన్నదో లేదో తెలియలేదు. ఏమియు లేనిచో 0 వేయవలెను. కొలతకందనంత శేషమున్నచో 5. పై పొరకును క్రింది పొరకును పదిమార్లు జరిపి చూచితిని. సున్న వేయవలెనని మనసున నుండెను. 5 వేసితిని.