పట్టేసిన బ్రేకు దగ్గర పానా ఎక్కడ పెట్టాలి?

బ్రేకులు పట్టేస్తున్నాయంటూ పాత మారుతీ ఆమ్నీ విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు ఆగినా, చేయి తిరిగిన మెకానిక్ వెంటనే చక్రం విప్పడు. డ్రైవర్ని ఒక్క ప్రశ్న అడుగుతాడు: "కాలు వేస్తే పట్టేస్తోందా, కాలు తీసినా వదలట్లేదా?" అవి రెండూ వేరు వేరు జబ్బులు. ఏదో తేలకుండా డ్రమ్ము ఊడదీస్తే పనీ దండగే, డబ్బూ దండగే.

1984లో మారుతీ వ్యాన్‌గా వచ్చి 2019 దాకా తయారైన ఈ బండి బడిపిల్లల్నీ, కూరగాయల బస్తాల్నీ, పెళ్లి సామాన్లనూ మోసింది. ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది కనుక ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం బాగా తేలిక. గట్టిగా బ్రేకు వేస్తే బరువు ఇంకా ముందుకు వాలుతుంది, వెనక చక్రాలు తొందరగా బిగుసుకుంటాయి. తడి రోడ్డు మీద అలా బిగుసుకుంటే బండి వెనకభాగం పక్కకు కొట్టేస్తుంది. అందుకే వెనక డ్రమ్ములను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు.

మెల్లగా కాలు వేసినా చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంటే మొదట లైనర్లను చూడాలి. నూనె పడితే లైనర్ జారాలి కదా అనిపిస్తుంది. కానీ కొద్దిగా తడిసిన లైనర్ చాలాసార్లు వేడెక్కి డ్రమ్మును కరిచేస్తుంది. పైగా డ్రమ్ము తిరిగే దిశలోనే ఒత్తుకునే షూను, అంటే లైనర్ ఉన్న పలకను, ఆ తిరుగుడే డ్రమ్ముకేసి ఇంకా లాగుతుంది. ఆ తడి వీల్ సిలిండర్‌లోంచి కారిన బ్రేక్ ఆయిలా, యాక్సిల్ సీలు దాటి వచ్చిన గేర్ ఆయిలా అన్నది వాసన చెబుతుంది. గేర్ ఆయిల్ చిక్కగా ఉండి, గంధకం కంపు కొడుతుంది. అలా తడిసిన లైనర్‌ను పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించడం పని కాదు. కారుడు ఆపాలి, రెండు వైపులా లైనర్లు మార్చాలి. రాత్రంతా వానలో నిలిపిన బండి పొద్దున తొలి బ్రేకుకు ఒకసారి పట్టి, ఆ తర్వాత మామూలైతే అది డ్రమ్ము మీద పట్టిన పలచటి తుప్పు. దానికి భయపడక్కర్లేదు.

కాలు తీసినా వదలకపోవడమే అసలైన చిక్కు. నాలుగైదు కిలోమీటర్లు పోయాక పెడల్ గట్టిపడుతుంది, బండి బరువెక్కుతుంది, చక్రాల దగ్గర మాడు వాసన వస్తుంది. చల్లారితే అంతా బాగానే ఉంటుంది. కాబట్టి పట్టి ఉన్నప్పుడే చూడాలి. జాకీ ఎత్తి, కింద గట్టి దిమ్మెలు పెట్టి, చక్రాలను చేత్తో తిప్పుతారు. నాలుగూ పట్టాయా, వెనక రెండేనా, ఒక్కటేనా? పట్టిన చక్రం దగ్గర గాలి తీసే నిపుల్ కాస్త వదులు చేస్తారు. ఆయిల్ చిమ్మి చక్రం తేలికపడితే ఒత్తిడి పైనెక్కడో చిక్కుకుంది. నిపుల్ విప్పినా తిరగలేదంటే ఆయిల్ తప్పు లేదు: తుప్పు పట్టిన హ్యాండ్ బ్రేక్ కేబుల్, అలసిన స్ప్రింగు, బిగుసుకున్న పిస్టన్ లాంటివి వెతకాలి.

ఒత్తిడి అని తేలితే ఒక్కో జాయింటూ పైకి వెళ్లాలి. రబ్బరు పైపుకు ముందున్న ఇనుప పైపు జాయింటు వదులు చేసినా వదలని చక్రం, నిపుల్ దగ్గర మాత్రం వదిలితే దోషం ఆ రబ్బరు పైపుదే. పైకి కొత్తగానే కనిపిస్తుంది, లోపల ఉబ్బిపోయి ఉంటుంది. కాలి బలానికి ఆయిల్ దాన్ని దాటి పోతుంది, వెనక్కి తోసే స్ప్రింగుకు అంత బలం లేదు. మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు వదులు చేయగానే చక్రాలు వదిలితే తప్పు అక్కడే, లేదా దాన్ని నెట్టే కడ్డీలో ఉంది. బూస్టర్‌కు మాస్టర్‌ను పట్టి ఉంచే నట్లు కొంచెం వదిలి, సందు ఇచ్చి చూస్తారు. చక్రాలు తేలికపడ్డాయా, కడ్డీ పిస్టన్‌ను పూర్తిగా వెనక్కి రానివ్వడం లేదు. పెడల్‌కు ఉండాల్సిన కొద్దిపాటి ఆట లేకుండా ఎవరో బిగించారన్నమాట.

అప్పటికీ వదలకపోతే సన్న రంధ్రం మూసుకుపోయింది. మాస్టర్ నుంచి పైనున్న డబ్బాకు ఆయిల్ తిరిగి వెళ్లే దారి అది. సూదిమొనంత ఉంటుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్‌కు అదే ఊపిరి. రబ్బరు కప్పు ఉబ్బి దాన్ని కప్పేస్తే ఆయిల్‌కు చోటు దొరకక బ్రేకును నొక్కుతుంది. ఆ రాపిడికి ఇంకా వేడి, ఆ వేడికి ఇంకా ఒత్తిడి.

కప్పు ఎందుకు ఉబ్బింది? ఎవరో డబ్బాలో ఇంజిన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోసి ఉండొచ్చు. దీన్ని తేల్చడానికి గ్లాసుడు నీళ్లు చాలు. డబ్బాలోంచి నాలుగు చుక్కలు వేస్తే బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, ఇంజిన్ ఆయిల్ పైన తేలుతుంది. తేలిందంటే ఒక్క మాస్టర్ కిట్టుతో సరిపోదు. వీల్ సిలిండర్ల రబ్బర్లూ, రబ్బరు పైపులూ మార్చి, ఇనుప పైపులన్నీ కడగాలి. నీళ్లలో కలిసే ఆ గుణమే ఇంకో తంటా కూడా తెస్తుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి దిగుతుంది, పిస్టన్లు తుప్పు పడతాయి. రెండేళ్లకోసారైనా ఆయిల్ మార్చమనేది ఇందుకే.

ఈ పద్ధతికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. ఒక్క పానా, కాస్త ఆయిల్ ఖర్చు, అంతే. ఒక్కో జాయింటు విప్పడం ఒక్కో అనుమానాన్ని కొట్టేయడం. ఈ వరస పాటించని చోట వీల్ సిలిండర్లన్నీ మారతాయి, జబ్బు మాత్రం కడ్డీ దగ్గరే ఉండిపోతుంది. గాలి తీసేటప్పుడు పెడల్ దగ్గర కూర్చునే కుర్రాడు "తొక్కు", "పట్టుకో" అన్న మాటల మధ్యే మెత్తటి పెడల్‌కూ బిగుసుకున్న పెడల్‌కూ తేడా కాలితో నేర్చుకుంటాడు. అలా నేర్చినవాడే రేపు మెకానిక్.

ఇందులో మానాల్సినవీ ఉన్నాయి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఆ పొడిని గాలి పైపుతోనో నోటితోనో ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. దారి మధ్యలో పట్టేస్తే నిపుల్ వదిలి ఇంటిదాకా నడిపేయడం ఇంకా పెద్ద ప్రమాదం. పరీక్ష కోసం విప్పిన ప్రతి జాయింటూ బిగించి, గాలి తీసి, ఖాళీ రోడ్డు మీద పది కిలోమీటర్లు తిప్పి తెచ్చి, వేడి మీదే నాలుగు చక్రాలూ మళ్లీ జాకీ ఎత్తి చేత్తో తిప్పి చూడాలి. అవి తేలిగ్గా తిరిగితేనే బండి తాళం డ్రైవరుకు ఇవ్వాలి.