గ్రౌండు ఎవరిది?

ఆదివారం పొద్దున్నే మా పేట హైస్కూలు గ్రౌండుకు వెళ్తే ప్రాణం లేచొచ్చింది. ఉన్న కాస్త జాగాలో మూడు క్రికెట్ ఆటలు. ఎవరి బంతి ఎవరిదో ఆడేవాళ్ళకే తెలియాలి. మా పిల్లలు సెల్‌ఫోను వదలరు, కదలరు అని బెంగపడే అమ్మానాన్నల్ని పిలిచి చూపించాలనిపించింది. ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా వాదన కొత్త కాదు. తప్పు ఫోనుది కాదు, ఆటల పీరియడును లెక్కల క్లాసుకు అప్పగించే బడిది, గ్రౌండే లేకుండా నడిచే జూనియర్ కాలేజీది. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలైనా ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొద్దుట్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా బెంచీకి అతుక్కుపోయే ఇంటర్ పిల్లలకు ఆ గంట ఎక్కడిది?

గ్రౌండు ఇవ్వండి చాలు, పిల్లలే ఆడుకుంటారు అని ఈ వారమూ రాయబోయాను. కానీ ఆ మూడు ఆటల్లో ఒక్క ఆడపిల్లా లేదు.

మా అక్క గుర్తొచ్చింది. ఖోఖోలో తరిమేవాళ్ళు వెనక్కి తిరగకూడదు, మధ్య గీత దాటకూడదు. తప్పించుకునేవాళ్ళకు ఆ అడ్డు లేదు. అక్క లంగా కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, స్తంభం దగ్గర చిక్కినట్టే చిక్కి, చాచిన చేతి కిందనుంచి వంగి అవతలికి జారిపోయేది. తరిమే పిల్ల ఆ ఊపులో ముందుకెళ్ళి మోకాళ్ళ మీద పడేది. మాస్టారు కూడా ఈల ఊదడం మరిచి చూసేవారు. తర్వాత అక్క పెద్దమనిషైంది, ఓణీ వేశారు. బడి వదలగానే నీళ్ళ బిందె, అంట్లు, పొయ్యి. ఆడి ఆడి నేను మట్టి చేసుకొచ్చిన చొక్కా ఉతికిందీ అక్కే.

ప్రపంచంలో 11-17 ఏళ్ళ పిల్లల్లో 81 శాతం మందికి కావలసినంత కదలిక లేదని, ఆడపిల్లల్లో అది 85 శాతమని 2019లో లాన్సెట్ పత్రికల్లో వచ్చిన అధ్యయనం చెప్పింది. మన దేశంలో పరిస్థితి కొన్ని దేశాలకంటే కాస్త మెరుగు. ఆ మెరుగుకు కారణాలు ఏమై ఉండొచ్చో కూడా అందులోనే రాశారు: మగపిల్లలకు క్రికెట్, ఆడపిల్లలకు ఇంటి చాకిరీ. అది చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

కాబట్టి వట్టి గ్రౌండు ఇస్తే చాలదు. దగ్గరుండి నేర్పేవాళ్ళు కావాలి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద శిక్షణ తీసుకుని, 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్టు ఎక్కింది. మన బళ్ళలో మహిళా పీఈటీని వెయ్యండి, నీళ్ళొచ్చే బాత్రూము కట్టండి. వారంలో మూడు సాయంత్రాలు గ్రౌండు మొత్తం ఆడపిల్లలకే వదలండి. మగపిల్లలు గొడవ చేస్తారు. చేసినా సరే, ఆ మూడు సాయంత్రాలూ గేటు దగ్గర హెడ్‌మాస్టారే నిలబడాలి.