పాత ల్యాప్‌టాప్‌ని నెట్‌కెక్కించే విద్య

ల్యాప్‌టాప్ ఆన్ అవుతోంది. తెర బాగుంది, కీబోర్డు బాగుంది, మదర్‌బోర్డుకి ఏ జబ్బూ లేదు. ఇంట్లో కొత్త ఫైబర్ కనెక్షన్ పెట్టించిన రోజు నుంచి మాత్రం వైఫై అందుకోవడం లేదు. షాపుకి తీసుకెళ్తే "పాతదైపోయింది సార్, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకోండి" అంటారు. ఆ ఒక్క మాటకి తలూపి మనం వదిలించుకున్న వాటిలో ఇంకా ఆయుష్షున్న ల్యాప్‌టాపులు ఎన్ని ఉన్నాయో! వాటిని మళ్లీ నెట్‌కెక్కించే మనుషులు మన మధ్యనే ఉన్నారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఇరుకు కౌంటర్ల వెనక తల వంచుకుని పని చేస్తూ కనిపిస్తారు. వాళ్ల చేతిలో ఉన్నది రిపేరు పని మాత్రమే కాదు, అచ్చమైన విద్య.

సిసలైన మెకానిక్ ముందు స్క్రూడ్రైవర్ తియ్యడు, ప్రశ్న వేస్తాడు. "మీ వైఫై పేరు లిస్టులో కనపడుతోందా? కనపడి పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతోందా? కనెక్ట్ అయ్యిందని చూపించి పేజీలు తెరుచుకోవడం లేదా?" ఈ మూడే ప్రశ్నలు. మీరు చెప్పే జవాబుని బట్టి జబ్బు రేడియోలో ఉందా, తాళంలో ఉందా, ఆ పైన ఉందా అన్నది అక్కడే తేల్చేస్తాడు. నాడి పట్టి రోగం చెప్పే వైద్యుడి నిబ్బరం అది. ఈ ప్రశ్నలు అడక్కుండా "ఫార్మాట్ కొట్టేద్దాం" అనేవాడి చేతికి మీ మిషన్ ఇవ్వకండి.

పేరే కనపడకపోతే మొదట చూసేది ల్యాప్‌టాప్ ముందు అంచున గాని పక్కన గాని ఉండే చిన్న వైర్‌లెస్ స్విచ్చి. తుడిచేటప్పుడు గుడ్డ తగిలి అది పక్కకి జరిగి ఉంటుంది. అది సరిగానే ఉంటే చూపు రౌటర్ మీదికి మళ్లుతుంది. 2003లో వచ్చిన 802.11జి తరం కార్డుల్లో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ని మాత్రమే పట్టుకుంటాయి. కొత్త రౌటర్ 2.4కీ 5కీ ఒకే పేరు పెట్టి, ఎవరిని ఎటు పంపాలో తనే నిర్ణయిస్తుంది. ఆ సర్దుబాటులో పాత కార్డు ఎటూ కాకుండా పోతుంది. రెండు బ్యాండ్లకీ రెండు పేర్లు పెడితే చాలా ఇళ్లలో గొడవ అక్కడితో తీరిపోతుంది.

అప్పటికీ తీరకపోతే అసలైన పనితనం బయటికొస్తుంది. ఒక రిటైర్డ్ టీచరమ్మ ల్యాప్‌టాప్‌లో వైఫై ఒకరోజు కనపడేది, మర్నాడు మాయమయ్యేది. రెండు షాపులవాళ్లు కార్డు పోయిందన్నారు. మూడోచోట ఓ పెద్దాయన ఫోన్‌లో రౌటర్ పేజీ తెరిచి చూసి, "మేడం, మీ మిషన్‌కేం కాలేదు. రౌటర్ పదమూడో ఛానల్ మీద కూర్చుంది" అన్నారు. మన దేశంలో 13 ఛానళ్ల దాకా వాడుకోవచ్చు. అమెరికాకి తయారైన కార్డుకి 11 దాటితే వినపడదు. రౌటర్‌ని ఆటోలో వదిలేస్తే ఏ రోజు ఏ ఛానల్‌కి వెళ్తుందో తెలియదు. ఆయన దాన్ని ఆరో ఛానల్‌లో పెట్టి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించి, లేచి నిలబడ్డారు. ఒక్క స్క్రూ తియ్యలేదు.

ఇంకో చిక్కుంది, అది కనిపెట్టడానికి మరీ చురుకైన బుర్ర కావాలి. రౌటర్ సెకనుకి దాదాపు పదిసార్లు తన పేరు, తన గుణాలు చాటుతూ ఉంటుంది. వైఫై 6 రౌటర్ చాటే సందేశంలో పాత డ్రైవర్లు ఎన్నడూ చూడని అంశాలుంటాయి. 2013లో వచ్చిన ఇంటెల్ 7260 లాంటి మంచి కార్డు కూడా పాత డ్రైవర్‌తో ఆ నెట్‌వర్క్‌ని చూడలేదు. కొత్త డ్రైవర్ వేసుకోమని ఇంటెలే చెప్పింది. డ్రైవర్ దొరకని కార్డయితే 2.4 బ్యాండ్‌లో ఆ కొత్త మోడ్ ఆపేస్తారు. ఇది తెలియనివాడు ఆరోగ్యంగా ఉన్న కార్డు పీకేస్తాడు.

రెండో ప్రశ్న తాళానిది. తొలినాటి వెప్ తాళాన్ని 2001లోనే ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు పరిశోధకులు బద్దలుకొట్టారు. 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చింది, 2018లో డబ్ల్యూపీఏ3 ప్రకటించారు, 2020 జూలై నుంచి వైఫై ధ్రువీకరణ పొందే కొత్త పరికరాలన్నింటికీ అది తప్పనిసరైంది. చరిత్ర ఇంత చాలు. రౌటర్ డబ్ల్యూపీఏ3 మాత్రమే అంటే పాత ల్యాప్‌టాప్ ఎంత సరైన పాస్‌వర్డ్ కొట్టినా తలుపు తెరుచుకోదు. ఇక్కడే పనివాడికీ పైపైవాడికీ తేడా బయటపడుతుంది. పైపైవాడు ఇంటి మొత్తానికి తాళం తీసేస్తాడు, లేదా వెప్‌కి దించేస్తాడు. ఇంటిల్లిపాది ఫోన్లూ, బ్యాంకు లావాదేవీలూ వీధిలో పెట్టడమే అది. పనివాడు గెస్ట్ నెట్‌వర్క్ తెరుస్తాడు: 2.4 బ్యాండ్, డబ్ల్యూపీఏ2, ఏఈఎస్. పాత టీకిప్ పద్ధతి జోలికి పోడు, దానితో 802.11ఎన్ తరం కార్డు వేగం కూడా 54 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది. ఇంటి అసలు నెట్‌వర్క్ గట్టి తాళంతో అలాగే ఉంటుంది, ల్యాప్‌టాప్‌కి దాని దారి దానికి దొరుకుతుంది. ఎంత ముచ్చటైన పరిష్కారం!

మూడో ప్రశ్నకి జవాబు ఒక్కోసారి గడియారంలో ఉంటుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, చాలావాటిలో సీఆర్2032 రకం. అది అయిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు ఏ సైటు చూపించిన సర్టిఫికెట్టూ ల్యాప్‌టాప్‌కి చెల్లనట్టే కనిపిస్తుంది. వైఫై నిక్షేపంగా ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. మంచి మెకానిక్ కళ్లు ముందు తెర కింది మూలన ఉన్న తేదీ మీదికి పోతాయి. కొత్త సెల్ వేసి, తేదీ దిద్ది ఇస్తాడు.

ఇక కార్డు నిజంగానే మార్చాల్సి వస్తే ఆ చేతుల్ని దగ్గరగా చూడాలి. కింది మూత తీస్తే రెండు బుల్లి వైర్లు, నలుపొకటి తెలుపొకటి. ఒకటి మెయిన్, ఒకటి ఆక్స్. అవి తెర చుట్టూ తిరిగి మూతలో ఉన్న యాంటెన్నాలకి వెళ్తాయి. వైరు కొసన ఉన్న బంగారు పూత గుండీ వడ్లగింజంత కూడా ఉండదు. ఆ రకం కనెక్టర్ ముప్పైసార్లు తీసి పెట్టడానికే హామీ ఉన్న వస్తువు. మెకానిక్ దాన్ని వైరు పట్టి లాగడు, గోటితో కింద నుంచి నిటారుగా ఎత్తుతాడు. పెట్టేటప్పుడు వేలికొసతో నొక్కి, టిక్కుమనేదాకా ఆగుతాడు. వైర్లెస్ స్విచ్చి విరిగి, రేడియో శాశ్వతంగా మూతపడిన మిషన్‌కి ఒక మెకానిక్ మాస్టారు చేసిన పని నా కళ్లముందు ఇంకా ఉంది. మినీ పీసీఐఈ కార్డులో 20వ పిన్ను రేడియోని ఆపే పిన్ను. పిన్నుకి సరిపడేంత సన్నటి టేపు ముక్క కోసి, పక్క పిన్ను మీద పడకుండా ఆ ఒక్క పిన్ను మీద అంటించారు. రేడియో లేచి కూర్చుంది. శభాష్ అనకుండా ఎలా ఉంటాం?

కార్డుల్లో నా ఓటు ఎథెరాస్ కంపెనీ వాటికే, దాచుకోను. రెండు బ్యాండ్లూ పట్టే ఏఆర్9280 లాంటి కార్డుకి లైనక్స్‌లో వేరే ఫర్మ్‌వేర్ ఫైలు కూడా అక్కర్లేదు, ఎక్కించగానే పని చేస్తుంది. బ్రాడ్‌కామ్ మాత్రం ఏళ్ల తరబడి తన చిప్పుల వివరాలు బయటపెట్టలేదు. అయినా ఆగని మహానుభావులున్నారు. ఒక బృందం ఆ కంపెనీ డ్రైవర్ నడకని గమనించి వివరాలు రాసింది. కంపెనీ డ్రైవర్ని ముట్టని మరో బృందం ఆ వివరాలు చదివి కొత్త డ్రైవర్ రాసింది. ఆ డ్రైవర్ని, తర్వాత రియల్‌టెక్ డ్రైవర్లని ఏళ్లపాటు కంటికి రెప్పలా కాచినవాడు ల్యారీ ఫింగర్. ఎనభై దాటినా ఆయన ఆ పని మానలేదు, 2024లో కన్నుమూశారు. లైనక్స్ యంత్రం వైఫై తాళం తీస్తోందంటే చాలాచోట్ల వెనక పని చేసేది ఫిన్లాండ్‌కి చెందిన యౌని మాలినెన్ మొదలుపెట్టిన డబ్ల్యూపీఏ సప్లికెంట్ అనే ప్రోగ్రామే. పాత మిషన్‌కి తేలికైన లైనక్స్ ఎక్కించండి, ఈ పెద్దల కష్టం మీ ఇంటికొస్తుంది. 2006 నాటి ఇంటెల్ 3945 కార్డుకి కూడా అందులో డ్రైవరుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకే తెచ్చారు. ఇంతకన్నా దగ్గరి చుట్టం ఎవరు మనకి?

ఇప్పుడు కడుపు మండే సంగతి. ఈ విద్యని యూఎస్‌బీలో గుచ్చే వైఫై డాంగిల్ మింగేస్తోంది. మంచి చిప్పున్న డాంగిల్‌ని నేనేమీ అనను, అది అక్కరకొచ్చే వస్తువే. నేను తిట్టేది డబ్బా మీద వందల మెగాబిట్లు అచ్చేసుకుని, లోపల చౌకబారు చిప్పు పెట్టుకుని వచ్చే నకిలీలని. ఒకదాన్ని విప్పి చూపించారొక మాస్టారు. పైకి నిలబెట్టిన యాంటెన్నా ఉత్త ప్లాస్టిక్ గొట్టం, లోపల వైరే లేదు! పేరున్నవాటిలోనూ అదే మోడల్ పేరుతో చిప్పు మార్చేసి అమ్మడం ఉంది. నమ్మి కొన్నవాడికి పాత డ్రైవర్ పని చెయ్యదు. వీటికి తోడు నెట్‌లో దొరికే డ్రైవర్ అప్‌డేటర్లు: ఒక రోగం చెప్పి పది రోగాలు అంటిస్తాయి. తాము ఒప్పుకున్న కార్డు కాకపోతే బూట్ అవ్వకుండా ఆపేసే బయోస్ జాబితాలు పెట్టిన కంపెనీలదీ ఇదే పాపం. కొన్న వస్తువులో కార్డు మార్చుకునే హక్కు మనకి లేదా? 2022 డిసెంబర్‌లో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. ఆ హక్కు పోర్టల్‌లో ఉంటే చాలదు, ల్యాప్‌టాప్ మూత కిందికి రావాలి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది. ఇంకెన్ని మంచి మిషన్లు తూకానికి పోతాయో తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

ఫైబర్ కంపెనీల వాళ్లకి నా మనవి ఒక్కటే. రౌటర్ సెట్టింగులకి తాళం వేసి ఇవ్వకండి. బిగించడానికొచ్చే కుర్రాళ్లకి గెస్ట్ నెట్‌వర్క్ తెరవడం నేర్పండి, అరగంట పని. ఇంజినీరింగ్ కాలేజీల వాళ్లూ, పిల్లల్ని ఓ నెల ఈ మాస్టార్ల పక్కన కూర్చోబెట్టండి. అయితే పాత మిషన్లకుండే హద్దులూ మనం తెలుసుకోవాలి. విండోస్ ఎక్స్‌పీకి 2014లోనే మద్దతు ఆగింది, దాని మీద బ్యాంకు పని చెయ్యకూడదు. 54 మెగాబిట్ల కార్డులో చేతికొచ్చేది ఇరవై అటూ ఇటూ. పిల్లవాడు పాఠం వీడియో చూడ్డానికి అది ధారాళంగా చాలు.

అసలు లోపం మన దగ్గరే ఉంది. మనం పార్టుకి డబ్బిస్తాం, తెలివికి ఇవ్వం. రౌటర్‌లో ఛానల్ మార్చి మిషన్ని బతికించిన పెద్దాయనకి "ఏం మార్చారని?" అని వంద రూపాయలకి బేరమాడతాం. నకిలీ డాంగిల్ గుచ్చినవాడికి అడిగినంతా ఇస్తాం. అలాంటప్పుడు ఆ విద్య నేర్చుకోవాలని ఏ కుర్రాడికి అనిపిస్తుంది? కాబట్టి ఈసారి ల్యాప్‌టాప్ వైఫై ఎక్కకపోతే ఆ మూడు ప్రశ్నలు మీరే వేసుకోండి. జవాబు పట్టుకుని, మీ ఊళ్లో విప్పకుండా రోగం చెప్పగలిగిన మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఆయన పార్టు ఏదీ మార్చకపోతే, మార్చనక్కర్లేదని తేల్చినందుకు పూర్తి డబ్బివ్వండి.